గంటల తరుగు

తిరువూరు ప్రజలకు తెలియజేయునది ఏమనగా, మన ఊరి తొలి పైలట్ చిరంజీవి వినయ్‌కు జరగవలసిన పౌరసన్మానం వాయిదా పడింది. కుర్రాడి గంటలు ఢిల్లీ కాటాలో తూగలేదు.

ఇది రెండువేల ఏడు నాటి మాట. వినయ్ తండ్రి మధుసూదనరావుగారు రైసుమిల్లు యజమాని, ధర్మప్రభువు. కొడుకును ఫిలిప్పీన్స్ పంపి విమానం నడపడం నేర్పించారు. అక్కడి లైసెన్సును ఇక్కడి లైసెన్సుగా మార్చుకోవాలంటే రెండువందల గంటలు ఎగిరినట్టు చూపించాలట. వినయ్ రెండువందల పది చూపించాడు. పది గంటలు కొసరు కూడా వేశాం కదా అని తండ్రిగారి ధీమా.

లైసెన్సులిచ్చే ఢిల్లీ ఆఫీసువారు నలభై గంటలు కొట్టేశారు. వినయ్, అతని స్నేహితుడు ఒకే విమానంలో పక్కపక్కన కూర్చుని ఎగిరి, అదే గంటను ఇద్దరూ తమదేనని రాసుకున్నారు. విమానం ఒకటైతే నడిపినవాడూ ఒకడే అని ఆఫీసువారి వాదన. డిసెంబరులోగా లైసెన్సు రాకపోతే విమానాల కంపెనీవారు ఇస్తామన్న ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. వినయ్ అన్నం మానేశాడు.

"ఆకాశంలో కూడా తాలుంటుందేంటండీ?" అని తల్లి పరమేశ్వరిగారు కళ్ళు తుడుచుకున్నారు.

మధుసూదనరావుగారు ఊరుకునే మనిషి కాదు. మామిడిపళ్ళ బుట్టతో స్వయంగా విమానమెక్కి ఢిల్లీ వెళ్ళారు. "మాది ఉమ్మడి కుటుంబమండీ. నేను వచ్చేటప్పుడు ఎగిరిన గంటలూ, మా తమ్ముడు తీర్థయాత్రలకు ఎగిరినవీ మావాడి ఖాతాలో జమ వేయండి" అని న్యాయంగా అడిగారు. ఆఫీసరుగారు పళ్ళబుట్టతో సహా ఆయన్ని మర్యాదగా బయటికి సాగనంపారు.

దాంతో ఊరంతా భగ్గుమంది. సన్మాన సంఘం తరఫున మేము వర్తకసంఘం హాల్లో ఖండన సభ పెట్టాం. మధుసూదనరావుగారు మైకు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా! ఒకడు ఒళ్ళు హూనం చేసుకుని సంపాదించినదాన్ని, కుర్చీలో కూర్చున్నవాడు తన ఇష్టమొచ్చినట్టు కోసేయడమా? ఎందుకు కోశావయ్యా అంటే రూలంటాడా? ఇలాంటి అన్యాయం భూప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందా?"

"ఉందండి" అన్నాడు వెనక వరసలోంచి గంపలగూడెం రైతు రాయప్ప, చాలా వినయంగా.

హాలు గొల్లుమంది. ఆ నవ్వును మేము కరతాళధ్వనులుగా నమోదు చేశాం. రాయప్ప ఎందుకన్నాడో తెలియనివారు సభలో లేరు. మధుసూదనరావుగారి మిల్లులో బస్తాకు రెండు కిలోలు తేమకు, ఒక కిలో తాలుకు, ఇంకో కిలో గోనెసంచికి తరుగు తీయడం పెద్దల నాటి నుంచి వస్తున్న సంప్రదాయం. ఎండుగడ్డిలా గలగలలాడే ధాన్యానికీ తేమ తరుగు తప్పదు. సంప్రదాయం ముందు ఎండ ఎంత?

ఢిల్లీ మాత్రం కరగలేదు. చివరికి తగ్గిన ముప్పై గంటలూ అద్దె విమానంలో ఎగిరి పూర్తి చేయించారు. ఆ అద్దె వింటే నాకే కళ్ళు తిరిగాయి. వానాకాలం పంట మిల్లుకు వచ్చేసరికి తరుగు బస్తాకు ఇంకో కిలో పెరిగింది.

"ఇది దేనికండి?" అని రాయప్ప అడిగాడు.

"గాలికి" అన్నాడు కాటా గుమాస్తా.

గడువులోగా లైసెన్సు వచ్చింది, ఉద్యోగం దక్కింది, వాయిదాపడిన సన్మానం ఘనంగా జరిగింది. పరమేశ్వరిగారి ముఖం వెలిగిపోయింది. టోపీ పెట్టుకున్న వినయ్‌ని చూస్తే, నిజం చెప్పొద్దూ, నాక్కూడా గర్వంగా అనిపించింది. సరిగ్గా అప్పుడే ఊరి మీదుగా విమానమొకటి పోయింది. రాయప్ప తలెత్తి చూసి, "ఇలాంటిదాంట్లో రెక్కో చక్రమో నాదేనండి" అన్నాడు. అందరం హాయిగా నవ్వుకున్నాం.

విందుకు బియ్యం మధుసూదనరావుగారే ఉచితంగా ఇచ్చారు. అవి ఏ తరుగులోవని ఎవరూ అడగలేదు. అన్నం మల్లెపువ్వులా ఉంది. మీరూ రెండోసారి పెట్టించుకున్నారు, నేను చూశాను.