నలభై గంటల సేవ

ఒక పెద్ద అడవిలో, ఒక పెద్ద బడిలో, చిటుకు అనే ఉడత పిల్ల ఏడో తరగతి చదివేది. బడి విడిచాక రోజూ నాలుగు రేగుపళ్ళు బుగ్గన పెట్టుకుని, చూపు ఆనని ఏదుపంది అవ్వ బొరియకు పరిగెత్తేది. అవ్వ తినేది, పుల్లగా ఉన్నాయని తిట్టేది. ఇద్దరికీ బాగా పొద్దుపోయేది.

ఒకనాడు ఎలుగుబంటి హెడ్మాస్టరు అది చూశారు. కళ్ళు చెమర్చాయి. అంత మంచిపనిని ఎవరిష్టానికి వాళ్ళకు వదిలేయడానికి ఆయనకు మనసొప్పలేదు.

మర్నాడే నోటీసు పెట్టించారు. ప్రతి విద్యార్థీ నలభై గంటలు సేవ చేయాలి. గంటకో ఫారం. దాని మీద సేవ పొందినవారి కాలిముద్ర, చిరునామా. లేదంటే పరీక్షకు హాల్‌టికెట్ లేదు.

చిటుకు ఎగురుకుంటూ గుమస్తా తొండ దగ్గరికి వెళ్ళింది.

"సార్, నావి ఎప్పుడో అయిపోయాయి. ఏడాదిగా అవ్వకు పళ్ళిస్తున్నా."

"ఎవరు ఇమ్మన్నారు?"

"ఎవరూ అనలేదు సార్."

తొండకు తల అడ్డంగా ఊపడం చేతకాదు. నిలువుగానే ఊపుతూ కాదంది. "బడి చెప్తే చేసేది సేవ. నీ అంతట నువ్వు చేస్తే అది తిరుగుడు."

అడవిలో సేవ చేయించుకోదగ్గ ముసలివాళ్ళు తక్కువ. సింహం తాత ఉన్నాడు గానీ, ఆయనకు సేవ చేయడానికి వెళ్ళినవాళ్ళు ఫారం ఇవ్వడానికి తిరిగి రాలేదు. దాంతో బడి బడంతా అవ్వ గుమ్మంలో వరస కట్టింది.

అడవిపంది పిల్లలు బొరియ ఊడ్చాయి. మళ్ళీ ఊడ్చాయి. కుందేళ్ళు వచ్చి, అది చాలదని తవ్వి మరీ ఊడ్చాయి. కోతులు అవ్వకు తల దువ్వబోయి చేతులకు చిల్లులు పొడిపించుకుని, ఆ గంటకూ ముద్ర వేయించుకున్నాయి. పళ్ళు మాత్రం ఎవరూ తేలేదు. ఫారంలో ఆ గడి లేదు మరి. చిటుకు వంతు వచ్చేలోపు రోజూ చీకటి పడేది.

పదో రోజు బొరియ కూలింది. అవ్వ పారిపోయింది.

పరీక్షలకు ముందురోజు, వెతగ్గా వెతగ్గా, వాగు అవతల రాళ్ళ సందులో చిటుకుకు అవ్వ కనిపించింది. చిక్కిపోయి, ఒంటి మీద ముళ్ళు తప్ప ఏమీ మిగల్లేదు. చిటుకు తెచ్చిన నాలుగు పళ్ళూ గబగబా తినేసింది.

"హాల్‌టికెట్ వచ్చిందటే?"

"ఒక్క గంట కూడా లేదవ్వా."

"ఇటు పడెయ్ ఆ ఫారాలు. నలభైకీ ముద్ర గుద్దేస్తా."

చిటుకు ఫారాలు తీసింది. చిరునామా గడిలో 'వాగు అవతల' అని రాయబోయి ఆగింది. కాసేపు తోక గోక్కుంది. తర్వాత నలభై ఫారాలూ అవ్వ కింద పరిచేసింది. నేల చెమ్మగా ఉంది.

ఆ ఏడు బడిలో సేవలో తప్పినది చిటుకు ఒక్కటే. హెడ్మాస్టరు పిలిచి, "ఇతరుల గురించి కూడా కాస్త ఆలోచించడం నేర్చుకోమ్మా" అని మళ్ళీ ఏడో తరగతిలోనే కూర్చోబెట్టారు.

నీతి: మంచిపని చేసేముందు చుట్టూ చూసుకోండి, పెద్దల కంటపడితే సిలబస్‌లో పెట్టేస్తారు.