ఏడో తలుపు దగ్గర ఆగిన లెక్క

ఆ సోమవారం ఇస్సాకు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికల్లా కళాశాలకు చేరాలి. తొమ్మిదింటిలోపు ఏడో తలుపు తెరవాలి. ఆ తర్వాత కంప్యూటరు ఆపేసి, గది తుడిచి, పదకొండింటికి హైదరాబాదు నుంచి వచ్చే తనిఖీ అధికారి ముందు చేతులు కట్టుకుని నిలబడాలి. ఆయన సంతకం పెడితే మూడేళ్ల టెంపరరీ బతుకు పోయి అటెండరు ఉద్యోగం పర్మనెంటు అవుతుంది.

"ఇయ్యాల ఒక్కనాడన్న ఆ కంప్యూటరు డబ్బను ముట్టకు," అంది భార్య ప్రమీల, టిఫిను డబ్బా చేతికిస్తూ. "సంతకం అయినంక ఎన్ని తలుపులు తీసుకుంటవో తీసుకో."

"నేనెందుకు ముడుత," అంటూ ఇస్సాకు సైకిలెక్కాడు. ఆ రోజు అబద్ధాలకు అదే బోణీ.

అది 1986. వరంగల్ ఊరి చివరన, సర్కారు గ్రాంటుతో నడిచే ఆ ప్రైవేటు కళాశాలకు ఉన్నది ఒక్కటే కంప్యూటరు. దానికి తెరగా ఒక పాత టీవీ, రెండింటికీ కుంకుమ బొట్లు. ఆ గదిలోకి ప్రిన్సిపాల్ అయినా సరే చెప్పులు బయట విడిచే రావాలి. నాలుగు నెలల కింద ఒక విద్యార్థి సికింద్రాబాదు నుంచి ఒక క్యాసెట్టు తెచ్చి ఇస్సాకుకిచ్చాడు. టేపురికార్డరులో వేస్తే అది ఐదు నిమిషాలు కీచుమని అరుస్తుంది. ఆ తర్వాత తెర మీద ఒక కోట, అందులో కాగడా పట్టుకున్న గోరంత మనిషి. గబ్బిలాలను తప్పించుకుంటూ, గుంతలు దూకుతూ, తాళంచెవులు ఏరుకుంటూ వాడు ఏడు తలుపులు తీయాలి. ఉండేవి మూడు ప్రాణాలు. మూడూ పోయినా, మధ్యలో కరెంటు పోయినా మళ్లీ మొదటి తలుపు దగ్గరికే.

అరచేతిలో పట్టే క్యాసెట్టులో అంత కోటను ఎలా ఇరికించారో గానీ, ఇస్సాకు మాత్రం అందులోంచి బయటపడలేకపోయాడు. కళాశాలలో అతనికి అది తెమ్మని, ఇది తుడవమని చెప్పేవాళ్లే అందరూ. కోటలో ఎటు పోవాలో అతనే తేల్చుకోవచ్చు. ఆ సుఖం జీతంలో లేదు.

తొమ్మిదికి పావు తక్కువకు, నాలుగు నెలల్లో మొదటిసారి, ఆరో తలుపు తెరుచుకుంది. మిగిలింది ఒక్కటే ప్రాణం. ఇస్సాకు గోరంత మనిషిని ఏడో తలుపు వైపు నడిపిస్తుండగా, గది బయట ఎవరో చెప్పులు విడుస్తున్న చప్పుడైంది. ఆటను ఉన్నచోటే నిలిపే మీట నొక్కి, టీవీ వెలుగు పూర్తిగా తగ్గించాడు. తెర నల్లబడింది.

ప్రిన్సిపాల్ వచ్చి కంప్యూటరు మీద చెయ్యి వేశాడు. "ఇంత వేడిగున్నదేందయ్యా?"

"లెక్క నడుస్తాంది సార్."

"ఏం లెక్క?"

"పెద్దదే సార్. నడుమల ఆపితె మళ్ల మొదటికెల్లి చెయ్యాలె." ఇందులో రెండో మాట నిజం.

ప్రిన్సిపాల్ వెంటనే లెక్కల లెక్చరరు వెంకట్రాజాన్ని పిలిపించాడు. హైదరాబాదులో మూడు వారాల శిక్షణ పొందినందుకు కంప్యూటరు బాధ్యత ఆయనది. వచ్చాక ఆయన దాన్ని ముట్టింది లేదు.

"ఈ లెక్క మీరే ఇచ్చిండ్రా?" అని ప్రిన్సిపాల్ అడిగాడు.

వెంకట్రాజం నల్లటి తెరను చూశాడు, ఇస్సాకును చూశాడు. తెలియదంటే బాధ్యత పోతుంది. "నేనే ఇచ్చిన సార్. పాకాల చెరువు లెక్క. వాన ఎంత పడుతది, చెరువు ఎంత నిండుతది, అన్నీ చెప్తది."

ప్రిన్సిపాల్ ముఖం వెలిగిపోయింది. అధికారికి చూపించడానికి ఇంతకన్నా ఏం కావాలి? తన గదిలోని ఫ్యాను తెప్పించి కంప్యూటరుకు పెట్టించాడు. సబ్‌స్టేషనుకు ఫోను చేసి, వాన లెక్క నడుస్తోంది, పన్నెండు దాకా కరెంటు తీయొద్దని బతిమాలాడు. వాచ్‌మన్ మొగిలయ్యను స్విచ్చు పక్కనే స్టూలు మీద కూర్చోబెట్టాడు.

కోట పోతే పోయింది, స్విచ్చు ఆపి ఉద్యోగం దక్కించుకుంటే చాలనిపించింది ఇస్సాకుకు. "మొగిలన్నా, జర చాయ్ తాగి రాపో. నేను చూస్త."

"ఆర్డరు తమ్మీ. ఎవ్వల్ని ముట్టనియ్యద్దన్నడు సారు."

"నన్ను గాదు గదనే."

"నిన్నయితే పేరు పెట్టి మరీ అన్నడు."

ఇక దిక్కు కరెంటు కోతే. ఆ ఎండాకాలమంతా పదింటికి ఠంచనుగా పోయే కరెంటు కోసం ఇస్సాకు గోడ గడియారం చూస్తూ ప్రార్థన చేశాడు. పది దాటింది, పదింబావు దాటింది. ఫ్యాను హాయిగా తిరుగుతూనే ఉంది.

కోత ఎందుకు లేదో సబ్‌స్టేషను వాళ్లు లైన్‌మన్‌కు చెప్పారు. లైన్‌మన్ మార్కెట్ యార్డులో చెప్పాడు. జూన్ సగం దాటినా చినుకు లేని ఏడాది అది. పదిన్నరకల్లా కళాశాల గేటు దగ్గర ఇరవై మంది రైతులు నిలబడ్డారు. ముందు నిలబడ్డ ఉప్పలయ్య పాలకుర్తి నుంచి విత్తనాల కోసం వచ్చినవాడు.

"మిషిను వాన లెక్క చెప్తాందట గద సారూ," అన్నాడు. "పత్తి గింజలు పెట్టాల్నా, ఆగాల్నా?"

"పదకొండింటికి చెప్తది," అన్నాడు ప్రిన్సిపాల్.

కిటికీలోంచి ఇస్సాకు ఆ మాట విన్నాడు. తన ఆట కోసం వీళ్ల గింజలు మట్టిపాలవుతాయా? వెంకట్రాజాన్ని పక్కకు లాక్కెళ్లాడు. "సార్, అందుల చెరువు లేదు."

"మరేమున్నది?"

"ఒక కోటున్నది. గబ్బిలాలున్నయి."

వెంకట్రాజం జేబులోంచి స్కూటరు తాళంచెవి తీశాడు. "నాకు కడుపుల నొస్తాంది," అని స్కూటరెక్కి వెళ్లిపోయాడు.

పదకొండింటికి అధికారి వచ్చాడు. బూట్లు విప్పి, మేజోళ్లతో లోపలికి నడిచి, నల్లటి తెర ముందు నిలబడ్డాడు. "లెక్క చూపించు."

ఇస్సాకు టీవీ వెలుగు పెంచే మర తిప్పాడు. కోట మెల్లగా తేలింది. తలుపు ముందు కాగడాతో గోరంత మనిషి. అధికారి ముందుకు వంగి, కళ్లజోడు సవరించుకున్నాడు.

"అందరు బయట ఉండండి," అన్నాడు. "ఈ అబ్బాయి ఒక్కడు చాలు."

తలుపు మూసుకుంది. ఇస్సాకు ప్రమీలకు ఏం చెప్పాలో వెతుక్కుంటున్నాడు.

"ఏడో తలుపు గదా ఇది?" అన్నాడు అధికారి గొంతు తగ్గించి. "ఆరోది ఎట్ల దాటినవ్?"

ఇస్సాకుకు తన చెవుల మీద నమ్మకం పోయింది. "గబ్బిలం కిందికి దిగకముందే దూకాలె సార్."

"దిగకముందా? నేను రెండు నెలల సంది మా ఆఫీసుల ఆడ్నే చస్తాన." ఆయన చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కున్నాడు. "ఒక్కసారి ఇటియ్యి."

ఉన్నది ఒక్క ప్రాణం. దాని వెనక నాలుగు నెలల కష్టం. కాదన్న మాట ఇస్సాకు నాలుక చివరిదాకా వచ్చింది, కానీ సంతకం కావాల్సిన కాగితం ఆయన సంచిలోనే ఉంది. "మీరే ఆడుకోండ్రి సార్," అన్నాడు.

పదకొండు సెకన్లలో గోరంత మనిషి గుంతలో పడ్డాడు. తెర మీద మొదటి తలుపు వచ్చింది. ఇస్సాకుకు నిజంగానే ఏడుపొచ్చింది. అధికారి అతని భుజం తట్టి లేచాడు.

"ఏం తేలింది సార్?" బయట ప్రిన్సిపాల్ భయంభయంగా అడిగాడు.

"కొద్దిల తప్పింది. మళ్లీ మొదటి నుంచి చెయ్యాలి," అంటూ అధికారి బూట్లు తొడుక్కున్నాడు. గేటు దగ్గరి రైతులతో మాత్రం సూటిగా చెప్పాడు. "వాన సంగతి ఈ మిషినుకు తెల్వదు. మీరు నెత్తి మీది మొగులును చూసే గింజలు పెట్టుకోండి."

"అది మాకెరుకేనాయె," అని ఉప్పలయ్య సంచి భుజానేసుకున్నాడు.

అధికారి ఇస్సాకు కాగితం మీద సంతకం పెట్టి, కింద తన చేత్తోనే ఒక వాక్యం రాశాడు. లెక్కను ఇంతదాకా తెచ్చిన ఈ మనిషిని ఎట్టి పరిస్థితిలోనూ కంప్యూటరు గది నుంచి బదిలీ చేయరాదు.

ఆ ఏడాది ఆ కళాశాలను తొమ్మిదిసార్లు తనిఖీ చేశారు.