పొద్దున్నే మొరాయించే లారీ ఉన్నవాడే ధన్యుడు

తాళం తిప్పగానే స్టార్టయ్యే బండి ఉన్నవాణ్ణి చూస్తే నాకు జాలేస్తుంది.

పాపం! లేస్తాడు, తాళం తిప్పుతాడు, పోతాడు. వాడి పొద్దుటికి ఒక కథ లేదు, ఒక ఉత్కంఠ లేదు, ఏమైందని పలకరించే మనిషి లేడు. అదీ ఒక బతుకేనా?

నా దగ్గర ఇరవయ్యేళ్లు దాటిన డీజిల్ లారీ ఉంది. ఎండెక్కాక బుద్ధిగా తిరుగుతుంది. తెల్లవారుజామున మాత్రం సెల్ఫ్ కొడితే నాలుగుసార్లు దగ్గి, ఇంత తెల్ల పొగ ఊది, మళ్లీ పడుకుంటుంది. నా బేరమేమో తెల్లవారుజామునే. కళింగపట్నం ఒడ్డుకు పడవలు రాగానే చేపల వ్యాపారం చేసే నారాయణమ్మ అప్ప (మా వైపు అక్కను అప్ప అంటాం) కొన్న సరుకును ఐసులో సర్దుకుని విజయనగరం మార్కెట్టుకు చేర్చాలి. ఏళ్ల తరబడి మా ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది ఆ లోడు మీదే.

ఈమధ్య అప్ప తేల్చి చెప్పేసింది.

"ఒరే ధనరాజూ, సేపకి సావు ఒక్కసారే రావాల్రా. నీ బండి పుణ్యాన నా సేపలు రెండుసార్లు సస్తన్నాయి. ఇంకొక్కపాలి ఆలీసమైతే నాను ఏరే బండి మాటాడుకుంతాను. తర్వాత అప్పా, గిప్పా అని రాకు!"

ఆవిడకు చేపల లెక్క తెలుసుగానీ, మొరాయించే లారీ వల్ల లోకానికి కలిగే మేలు తెలియదు. మీకైనా చెబుతాను, వినండి.

శ్రీకాకుళంలో చూశాను. చక్కటి బూట్లు వేసుకుని, ఏసీ గదిలో కూర్చుని, ఎక్కడికీ కదలని సైకిలును చెమటలు కక్కుతూ తొక్కుతున్నారు. దానికి ఎదురు ఫీజు కూడానట! మా వీధివాళ్లకు ఆ ఖర్మ లేదు. పొద్దున్నే నా లారీ తోస్తారు. పిక్కలకు, నడుముకు, రెక్కలకు అన్నిటికీ ఒకేసారి వ్యాయామం. పైగా మా ఊళ్లో ఉన్న పార్టీలన్నిటి మనుషులూ కలిసి ఒకే దిక్కుకు తోసేది నా లారీని మాత్రమే. ఇంత జాతీయ సమైక్యత మీకు అసెంబ్లీలో కనిపించిందా?

ఇక భూమి విలువ. రియల్ ఎస్టేట్ వాళ్లు రోడ్డు చూస్తారు, నీళ్లు చూస్తారు, వాస్తు చూస్తారు. నేను వాలు చూస్తాను! బండిని దిగుడులో పెట్టుకుంటే బ్రేకు వదిలేసి, గేరులో వేసి, దొర్లించి స్టార్ట్ చేసుకోవచ్చు. అందుకే నా లారీ పడక వంశధార గట్టు దిగుడులో. రామతీర్థం వెళితే అందరూ కొండ మీది రాముణ్ణి చూసుకుంటారు. నేను కొండ కింద వాలు చూసుకుంటాను. మా మేనత్త ఇల్లు బొత్తిగా చదును. ఆవిడ మీద ప్రేమ లేక కాదు, వెళితే తిరిగి రాలేనని మానేశాను.

కాపురం విషయానికొస్తే చెప్పనక్కర్లేదు. ఆపితే మళ్లీ లేస్తుందన్న నమ్మకం లేదు కాబట్టి మధ్యాహ్నం భోజనానికొచ్చినా గుమ్మం ముందు ఇంజను ఆపను. ఆ మోతలో మా ఆవిడ ఈశ్వరి నన్నేమంటోందో వీధికి వినిపిస్తుందేమో గానీ నాకు వినిపించదు. నవ్వుతూ తిని లేస్తాను. ఒక్కరోజు మాత్రం ఇంజను దానంతటదే ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే, "ఆ ఇనప ముక్కకే తాళి కట్టేసి ఊరుకోలేకపోనావా?" అన్న మాట చెవిన పడింది. చూశారా! లారీ నడుస్తున్నంతసేపూ మాది అన్యోన్య దాంపత్యం.

చదువు మాటో? నేను ఆరో తరగతిలో బడి మానేసినవాణ్ణి. ఈ లారీ పుణ్యమా అని పండితులే నా గుమ్మంలోకొచ్చి పాఠాలు చెప్పారు. రిటైరైన మాస్టారు బ్యాటరీ అన్నారు. పాలాయన పైపుల్లో గాలి చేరిందన్నాడు. బీమా ఏజెంటు నన్నొకసారి ఎగాదిగా చూసి, బీమా అన్నాడు. మా అత్తగారు దిష్టి అని గుమ్మడికాయ కొట్టించింది. ఆ ముక్కల మీద కాలు జారి మర్నాడు తోసేవాళ్లలో ఇద్దరు తగ్గారు.

మెకానిక్ కూర్మయ్య మాత్రం శాస్త్రం తెలిసినవాడు. పొగ రాకపోతే డీజిల్ అందడం లేదనీ, తెల్ల పొగ వస్తే అందుతోంది గానీ మండడం లేదనీ చెప్పాడు. ఎందుకు మండడం లేదంటే మటుకు ఒకటే జవాబు.

"పాత బండి కదేటి, బావా! ముసల్దాన్ని లేపి పరిగెట్టమంతే పరిగెడతాదేటి?"

అని బ్యాటరీ మార్చాడు. సెల్ఫ్ మోటారు మార్చాడు. నాజిల్స్ మార్చాడు. పంపు విప్పి బిగించాడు. ఇప్పుడు ఆ లారీలో పాతదంటూ మిగిలింది డ్రైవరొక్కడే. అయినా అది లేవలేదు.

మొన్న అప్ప ఫోను రాగానే గట్టుకు పరిగెత్తి బ్రేకు వదిలాను. దిగుడంతా దొర్లి, దిగుడు అయిపోయి, చదునులో నిలబడిపోయింది. తెల్ల పొగ తప్ప సమాధానం లేదు. ఫోను మళ్లీ మోగింది. దాన్ని మోగనిచ్చి కూర్మయ్యకు కబురంపాను.

కూర్మయ్య వచ్చాడు. మార్చడానికి ఇంకేమీ మిగలక, విసుగుతో ఫిల్టరు కింద మర వదులు చేసి ఖాళీ సోడాసీసా పట్టాడు. నిండాక వెలుతురులో పెట్టి చూశాం. పైన రెండు వేళ్ల మందాన డీజిల్. కింద అంతా నీళ్లు!

"అదీ సంగతి! రాత్రల్లా నీళ్లు ట్యాంకు అడుక్కి దిగిపోతన్నాయి, బావా. పొద్దున్న పైపు పీల్చేది ముందల వాటినే. పగలు కుదుపుకి కలిసిపోయి ఎలాగో నడస్తన్నాది. లోడు మానేసి మడికి నీళ్లు తోడుకో!"

ఆ సీసా పట్టుకుని, రోజూ డీజిల్ కొట్టించే బంకుకు నడిచాను. మాకు దగ్గర్లో ఉన్నది అదొక్కటే. ఓనరు మురళీమోహన్ గారు సీసాను వేలితో అటు జరిపారు.

"మా బంకులో నీళ్లేటి ధనరాజూ? మాకు తాగడానికే లేవు. నీది పాత ట్యాంకు కదా, చెమట పట్టుంటాది."

ట్యాంకుకు చెమట! కష్టపడేవాడికి పడుతుందని తెలుసుగానీ, రాత్రల్లా పడుకున్నదానికి పడుతుందని తెలీదు.

ఏదో అనబోతున్నాను, ఇంతలో టైర్లకు గాలి పట్టించుకోవడానికి మురళీమోహన్ గారి కొత్త వ్యాను వచ్చి ఆగింది. వెనక నుంచి ఐసు నీళ్లు కారుతున్నాయి. ముందు సీట్లో నారాయణమ్మ అప్ప! నన్ను చూసి తల తిప్పుకోలేదు, ఆవిడ అలాంటి మనిషి కాదు.

"ఏటి సేయమంతావురా? నీకు ఫోను సేసి సేసి నా నోరు పడిపోనాది. సేప ఆగుతాదేటి? ఎక్కు, దార్లో ఇంటికాడ దించేస్తాను."

ఎక్కలేదు. డ్రైవరు లక్ష్ముడు మా వీధివాడే. ఎంతైనా మర్యాద కదా అని పలకరించాను.

"ఏరా, అంత దూరం పోతన్నావు, డీజిల్ కొట్టించుకోవా?"

"ఇక్కడేటి, మావా!" అన్నాడు వాడు గాలి గొట్టం తీస్తూ, అమాయకంగా, బంకంతా వినబడేలా. "ఓనరు గారు ఒప్పుకోరు. శ్రీకాకుళంలోనే కొట్టించమన్నారు. కొత్త బండి కదా!"

మురళీమోహన్ గారు బంకు కప్పు కేసి చాలా శ్రద్ధగా చూశారు. వ్యాను తాళం తిప్పగానే స్టార్టయింది. నా లోడు వెళ్లిపోయింది.

కాబట్టి పాఠకులారా, నా మాట విని పాత లారీ కొనకండి. కొత్త లారీ అంతకన్నా కొనకండి. చేతనైతే బంకు కొనండి. నీళ్లతో నడిచే ఇంజను కోసం ఎక్కడెక్కడో పరిశోధనలు చేస్తున్నారట. ఎందుకండీ అంత శ్రమ? మా బంకు ఎప్పట్నుంచో నడుస్తోంది!