స్పర్శరేఖ దగ్గర మేకపోతు

రూప్లికి అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే, తనలాగే తన బిడ్డ కూడా బడి మధ్యలో మానేస్తుందేమోనని. రూప్లి చదువు తొమ్మిదో తరగతిలో ఆగింది. ఆగిందని ఎవరూ చెప్పలేదు కూడా. ఒకరోజు మిరప తోటకు రమ్మన్నారు, వెళ్ళింది, అంతే. ఇప్పుడు కూతురు సంగీత పదిలో ఉంది. లెక్కల పరీక్షలు వరసగా తప్పుతోంది. దమ్మపేట దగ్గరి తండా నుంచి వచ్చిన అత్త జమ్లి తీర్పు కూడా చెప్పేసింది. ఇవాళ్టి పరీక్ష కూడా పోతే పిల్లను తనతోపాటు మిరపకాయలు ఏరడానికి తీసుకెళ్తుంది. రూప్లి మొగుడు రామ్‌చందర్ తల్లి మాటకు ఎదురు చెప్పే మనిషి కాడు. పైగా గ్రానైట్ ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ చేసి వస్తాడు కనుక, ఇంట్లో ఏ గొడవ జరిగినా అతను నిద్రలోనే ఉంటాడు.

ఆ ఉదయం రూప్లి అనుకున్న పనులు పెద్దవేమీ కావు. రొట్టెలు చేయాలి, పిల్ల చేత పాఠం అప్పజెప్పించాలి, షేర్ ఆటో ఎక్కించాలి, ఆ తర్వాత కుట్టు మిషన్ ముందు కూర్చోవాలి. సంగీత గడప మీద కూర్చుని కళ్ళు మూసుకుని అప్పజెప్తోంది. వృత్తాన్ని ఒకే ఒక్క బిందువు దగ్గర తాకే గీత స్పర్శరేఖ. కేంద్రం నుంచి ఆ బిందువుకు గీసిన వ్యాసార్థం ఆ గీతకు లంబంగా ఉంటుంది. వింటున్న రూప్లికి తెలిసిపోయింది. అది అర్థమైన గొంతు కాదు. తొమ్మిదో తరగతిలో తను అప్పజెప్పిన గొంతే.

అంతలో పక్కింటి సకీనా తీగల కంచె దగ్గరికి వచ్చింది. ఆమె భర్త సర్వర్‌కు బిర్యానీ హోటల్ ఉంది. దానికి కావలసిన పుదీనా అంతా కంచె అవతలి మడిలోనే పెరుగుతుంది. జమ్లి తండా నుంచి తెచ్చిన మేకపోతు నిన్న అందులో సగం తినేసింది. సీత్లా భవానికి మొక్కిన మేకపోతు కాబట్టి దాన్ని కొట్టనివ్వదు, తిట్టనివ్వదు జమ్లి. అందుకని సకీనా ఫిర్యాదు కూడా మర్యాదగానే చేయాల్సి వస్తోంది.

"మీ మేకపోతు గారు మళ్ళ మా దిక్కే చూస్తున్నరు రూప్లీ."

రూప్లి కంచెను చూసింది, మేకను కట్టిన గుంజను చూసింది. గుండెలో ఎక్కడో చిన్న దీపం వెలిగింది. "సంగీతా, గుంజ కేంద్రం అనుకో. తాడు వ్యాసార్థం. కంచె నీ గీత. ఒక్క కాడనే తాకేటట్టు కట్టొస్తదా?"

సంగీత కళ్ళు తెరిచింది. కుట్టు టేపు తెచ్చింది. పుస్తకం మూల ఆనించి, గుంజ నుంచి కంచెకు లంబంగా కొలిచింది. తాడు అంతే పొడుగు ఉండేలా ముడి వేసింది. మేక కంచెను ఒకే బిందువు దగ్గర తాకుతుందనీ, బిందువుకు పొడుగూ వెడల్పూ ఉండవనీ సకీనాకు ధైర్యం చెప్పింది. ఆ మాత్రం నష్టానికి సకీనా ఒప్పుకుంది.

మేక నడిచింది. తాడు బిగిసింది. సరిగ్గా కంచె దగ్గర ముడి ఆగిపోయింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అప్పుడు మేక మెడ చాచింది. తాడు తర్వాత మెడ, మెడ తర్వాత మూతి, మూతి తర్వాత నాలుక ఉంటాయని పుస్తకంలో ఎవరూ రాయలేదు.

"పొడుగు లేని బిందువన్నవ్ గదా బిడ్డా," అంది సకీనా నీరసంగా. "మూరెడు పోయింది."

"ఇప్పుడిది ఛేదనరేఖ అయింది ఆంటీ. వృత్తం రెండు కాడ కంచెను దాటుతది."

అంటే ఏందని అరుగు మీది నుంచి జమ్లి అడిగింది. మేక కంచె దాటిందని అర్థం, నాయనమ్మా, అంది సంగీత.

"అది నాకూ కనవడ్తంది," అంది జమ్లి.

ఇక మెడ కొలవక తప్పలేదు. సంగీత టేపు ఈ కొసతో మెడ కొలుస్తుంటే ఆ కొసను మేక నమలడం మొదలుపెట్టింది. కొత్త టేపు. తిట్టడానికి లేదు. రూప్లి మిగిలిన ముక్కను చుట్టి కొంగున కట్టుకుంది.

కొలత మాత్రం దొరికింది. తాడు కురచ చేద్దామంటే మొక్కుబడి మేకను ఇరుకున కట్టనివ్వదు జమ్లి. కేంద్రాన్నే అంత వెనక్కి జరపాలి. అక్కడంతా రాతినేల, గుంజ దిగదు. అక్కడున్నదల్లా రామ్‌చందర్ పడుకున్న మంచం. మంచం కోడుకు కట్టమంది జమ్లి. కేంద్రం కదలకూడదని సంగీత గొణిగింది.

"నా కొడుకు కదిలే మనిషి కాదు," అంది జమ్లి.

ఆ మాట నిజమే. కానీ మంచం కదిలింది. నేల కంచె వైపు వాలు. మిగిలిన పుదీనా వాసన తగిలిన మేక ఒక్క గుంజు గుంజింది. రాతి మీద మంచం కోళ్ళు జారాయి. మంచం, మంచంతో రామ్‌చందర్, వాళ్ళ ముందు మేకపోతు కంచెను పడగొట్టుకుని మడిలోకి దిగారు. పరపరమంటూ చెవి పక్కనే ఎవరో నములుతుంటే రామ్‌చందర్ కళ్ళు తెరిచాడు.

"యాడీ," అన్నాడు తల్లిని చూసి, "డ్యూటీ టైం అయిందా?"

బయట షేర్ ఆటో హారన్ కొడుతోంది. సంగీత మాత్రం నేల మీద పుల్లతో వృత్తం గీసుకుంటోంది. "కేంద్రం కదిలితే వృత్తమే ఉండదమ్మా. పోయిన పరీక్షల నేను కేంద్రం పెట్టకుండనే గీతలు గీసిన." ఈసారి గొంతు వేరుగా ఉంది. రూప్లి ఆమె చేతిలో రొట్టె పెట్టి ఆటోలోకి నెట్టింది.

వెనక్కి తిరిగేసరికి జమ్లి నిలబడి ఉంది. పడిపోయిన కంచెను, పుదీనా మోళ్ళను, కోడలి కొంగులోని టేపు ముక్కను ఒక్కొక్కటే చూసింది. పరీక్ష రాయకముందే ఫలితం వచ్చేట్టుంది.

"పిల్లకు పది సరిపోదు," అంది జమ్లి. "గిన్నేండ్లు చదివి మేకను కట్టుడు రాలే. గిట్ల సగం చదువుతోని తండాకు తోలుకపోతే నా మంద ఏమైతది? ఇంటర్ గూడ చదివియ్యుండ్రి."

రూప్లి ఆ ఉదయం మొదటిసారి కూర్చుంది. ఏడవాలో నవ్వాలో తేల్చుకునే ఓపిక లేక, రెండూ సాయంత్రానికి వాయిదా వేసింది.

కంచె మళ్ళీ నిలబెట్టేదాకా మేకకు కదలని కేంద్రం ఒకటి కావాలి. దాని మీద ఎవరికీ రెండో మాట లేదు. రామ్‌చందర్‌ను వాకిలి నడుమ స్టూలు మీద కూర్చోబెట్టి, తాడు నడుముకు కట్టి, కదలొద్దని చెప్పి, సకీనా పుదీనా కోసం మార్కెట్‌కు, జమ్లి కునుకు తీయడానికి, రూప్లి మిషన్ దగ్గరికి వెళ్ళారు.

వీళ్ళుండే ఖానాపురం హవేలి వైపు వెళ్ళేవాళ్ళుంటే దయచేసి అతన్ని ఒకసారి చూసి రండి. కదలొద్దన్నారు గానీ, ఎప్పుడు లేవాలో ఎవరూ చెప్పలేదు.