పంపడానికి వచ్చినవాళ్ళు

ఆ రోజు పొద్దున్న జోగమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. మనవరాలు జానకికి రెండు జడలు వేసి, టాటానగర్ స్టేషనుకు తీసుకెళ్ళి, మూడో తరగతి పిల్లలతో పాటు రైలెక్కించి, కళ్ళు తుడుచుకుని ఇంటికి రావడం. పిల్లలు వెళ్ళేది పక్క స్టేషను ఆదిత్యపూర్‌కే. మధ్యలో ఖర్కాయి నది మీద ఒక వంతెన. అక్కడ దిగి, తిరుగు బండెక్కి, మధ్యాహ్నం అన్నానికి వచ్చేస్తారు.

ఇదంతా పూజా సెలవుల తర్వాత మొదలైన కొత్త టర్ము మహిమ. జుగ్సలాయిలో జోగమ్మ వాళ్ళుండే, వరసగా కట్టిన లైనిళ్ళకు దగ్గర్లోనే ఒక చిన్న తెలుగు బడి ఉంది. అందులో మూడో తరగతి టీచరు ఆనందకుమారి పిల్లల ఇళ్ళలోని పెద్దవాళ్ళందరినీ పిలిచి, "ఈ టర్ములో పాఠాలు గదిలో చెప్పనండీ. రైలు పాఠం రైల్లో చెప్తాను. ఉత్తరం పాఠం పోస్టాఫీసులో. ఆఖరి పాఠం విమానం. దానికి సోనారి ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్ళి నిజం విమానం చూపిస్తాను" అంది.

విమానం మాట వినగానే జానకి బెంచీ ఎక్కి నిలబడింది.

"కానీ హెడ్మాస్టారు ఒక షరతు పెట్టారు" అంది టీచరు. "రైలు పాఠంలో ఒక్క పిల్ల తప్పిపోయినా, మిగతావన్నీ గదిలోనే."

ఆనాటి నుంచీ జానకి రెండు చేతులూ చాపి, నోటితో మోత చేస్తూ, ఇంట్లో విమానంలా తిరుగుతోంది. ఆ చేతులు చూశాక వద్దనడానికి జోగమ్మకు నోరు రాలేదు.

నోరు రాలేదు గాని గుండె మాత్రం కుదుటపడలేదు. జోగమ్మ బడికి వెళ్ళిన మనిషి కాదు. కొడుకుల పుస్తకాలు తిరగేసి, తనంతట తానే అక్షరాలు కూడబలుక్కుంది. జానకి పుస్తకంలో రైలు పాఠం తీసి చదివింది. "రైలు కూత వేసింది. రైలు బయలుదేరింది. అందరూ చేతులు ఊపారు." పాఠం అయిపోయింది. పేజీ తిప్పింది. అక్కడ ఆవు ఉంది.

"ఏటే జానకీ, రైలు ఎల్లిందని రాసినారు. తిరిగొచ్చినట్టు రాయనేదేటే?"

"అరే మామ్మా, సబ్ వాపస్ ఆతే హై! ఎల్లిన బండి రాదేటి?"

బండి వస్తుందని జోగమ్మకూ తెలుసు. అందులో ఎక్కిన మనుషుల సంగతే ఆమెకు నమ్మకం లేదు. ఆ స్టేషను ఆమె దగ్గర మనుషుల్ని తీసుకోవడమే గాని తిరిగి ఇచ్చిన పాపాన పోలేదు. పెద్దకొడుకు భిలాయి వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. కూతురు ఖరగ్‌పూర్ కోడలైపోయింది. భర్త పలాసలో చుట్టాన్ని చూసి వస్తానని వెళ్ళాడు. వచ్చింది ఆయన పోయాడన్న కార్డు. ప్రతిసారీ సాగనంపడంలో తనే ఏదో తక్కువ చేసిందని ఆమె అనుమానం. భర్త వెళ్ళిన రోజున మంచినీళ్ళ మరచెంబు చేతికివ్వనేలేదు.

ఈసారి ఏ లోటూ రాకూడదనుకుంది. పథకం పెరగడం అక్కడే మొదలైంది.

ఆమె పులిహోర కలుపుతుంటే పక్కింటి దాలమ్మ వాసన పట్టింది. దాలమ్మ కొడుకుదీ అదే తరగతి. "జోగమ్మప్పా, నువ్వు పులిహోర కట్టి, నాను ఒట్టి సేతుల్తో వత్తే రేపు లైన్లో తలెత్తుకోగలనేటి?" అని వెళ్ళి జంతికలు వండింది. ఆ లైనిళ్ళలో ఎవరు ఊరెళ్ళినా అందరూ స్టేషనుకు పోవాలి. పోకపోతే అదొక తగువై, పెళ్ళి పిలుపుల దాకా నడుస్తుంది. కాబట్టి పిల్లలున్నవాళ్ళూ లేనివాళ్ళూ బయలుదేరారు.

ఆ లైన్లోనే ఉండే భీమారావు అయితే తువ్వాళ్ళ కట్ట భుజాన వేసుకుని వచ్చాడు. ఏటేటా జనరల్ పెట్టెలో ఊరికి వెళ్ళివచ్చిన అనుభవశాలి.

"సీట్ల సంగతి నాకొగ్గీ అత్తా. బండి ఆగీసరికి తువ్వాళ్ళేసేత్తాను."

"ఒక్క స్టేషనే కదరా."

"అయితే మాత్రం పిల్లగుంటలు నిలబడెల్తారేటి? మనం మనుషులం కామా?"

ప్లాట్‌ఫారం మీద పిల్లలు ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని వరసగా నిలబడ్డారు. వెనకాల వస్తున్న కేరియర్లనూ మరచెంబులనూ దుప్పటి మూటనూ చూసి టీచరు తెల్లబోయింది.

"ఎవరండీ ఊరెళ్తున్నది?"

"పిల్లలేనమ్మా" అంది జోగమ్మ. "అవతల సలేత్తే కప్పుకుంటారని."

టీచరు ఏదో అనబోయేంతలో బండి వచ్చింది. "పిల్లలూ, లోపలివాళ్ళు దిగాకే మనం ఎక్కాలి. గార్డు పచ్చజెండా ఊపితే ఇక ఎవరూ బండి దగ్గరికి పోకూడదు. తెలిసిందా?" అంది.

"జీ టీచర్!" అన్నారు పిల్లలు.

అప్పటికే భీమారావు కిటికీలోంచి లోపల పడి, బల్ల బల్లకూ తువ్వాలు పరుస్తున్నాడు. "మూటలందీండి, బేగి!" అని అరిచాడు. మూటలు వెళ్ళాయి. ఎవరి మూట వెనక వాళ్ళు వెళ్ళారు. జంతికల డబ్బా ఎక్కడ పెడతాడోనని దాలమ్మ ఎక్కింది. జానకి కూర్చోబోయే చోటు తుడవడానికి జోగమ్మ మరచెంబుతో ఎక్కి, నీళ్ళు చల్లి, కొంగుతో తుడిచింది. కిటికీ ఊచలు కూడా తుడిచింది.

కింద పిల్లలు లోపలివాళ్ళు దిగడానికి బుద్ధిగా ఎదురుచూస్తున్నారు. ఎవరూ దిగలేదు.

"టీచర్, హరీ ఝండీ!" అని జానకి పచ్చజెండా చూసి సంతోషంగా అరిచింది. నేర్చుకున్నట్టే పిల్లలందరూ ఒక్కసారి వెనక్కి జరిగారు. బండి కదిలింది.

"ఓలమ్మో! గుంటలు కిందే ఉండిపోనారు!" అని దాలమ్మ గుండె బాదుకుంది. దూకబోతున్న భీమారావును జోగమ్మ చొక్కా పట్టి లాగింది. "సచ్చిపోతావురా, కూకో!"

కిటికీలోంచి చూస్తే జానకి ఏడవడం లేదు. ఎగిరెగిరి చెయ్యి ఊపుతోంది. జోగమ్మ కూడా తెలియకుండానే చెయ్యి ఊపింది. ఇన్నేళ్ళూ ఆ ప్లాట్‌ఫారం మీద నిలబడి ఊపిన చెయ్యి అది. రైల్లోంచి ఊపడం ఇదే మొదలు.

టికెట్ కలెక్టరు వచ్చేసరికి అందరి చేతుల్లోనూ ప్లాట్‌ఫారం టిక్కెట్లే ఉన్నాయి.

"సాబ్, హమ్ జానేవాలే నహీ. భేజ్‌నేవాలే" అన్నాడు భీమారావు. తాము వెళ్ళేవాళ్ళం కాదు, పంపడానికి వచ్చినవాళ్ళం అని.

ఎవరిని పంపుతున్నారని అడిగాడాయన. భీమారావు వెనక్కి చెయ్యి చూపించాడు. "వో లోగ్ స్టేషన్ మే రహ్ గయే, సాబ్." వాళ్ళు స్టేషన్లోనే ఉండిపోయారని.

ఆయన వరసగా పరిచిన తువ్వాళ్ళను చూశాడు. మూటలను చూశాడు. ఒక తువ్వాలు మీద కూలబడి, కళ్ళవెంట నీళ్ళు వచ్చేలా నవ్వాడు. జోగమ్మ ఆయన చేతిలో పులిహోర పెట్టింది. అది తినే సమయానికి బండి వంతెన ఎక్కింది.

కింద ఖర్కాయి ఎండలో మెరుస్తోంది. గాలి వచ్చి జోగమ్మ ముడి విప్పేసింది. "ఓలప్పా, దాలమ్మా, ఇటు సూడే! ఎంత బాగుందే!" అని ఆమె చిన్నపిల్లలా కేక పెట్టింది. వెళ్ళిపోయినవాళ్ళంతా గుండె చెక్కలు చేసుకుని వెళ్ళారని ఇన్నాళ్ళూ అనుకుంది. వాళ్ళకు కిటికీ ఉండేదని ఆమెకు తట్టనేలేదు.

ఆదిత్యపూర్‌లో టికెట్ కలెక్టరు అందరిచేతా టిక్కెట్లు కొనిపించి, తిరుగు బండెక్కించాడు. అప్పుడు జోగమ్మకు షరతు గుర్తొచ్చింది. తన మూలాన పిల్ల విమానం పోయింది. దారి పొడుగునా మరచెంబు ఒళ్ళో పెట్టుకుని, నదివైపు చూడకుండా కూర్చుంది.

టాటానగర్‌లో దిగేసరికి హెడ్మాస్టరు అసిరయ్య మాస్టారు కబురు విని వచ్చి నిలబడి ఉన్నాడు. జానకి మొహం వాడిపోయి ఉంది.

"తప్పిపోతే పాఠాలు బంద్ అన్నానా లేదా?" అన్నాడాయన.

"తప్పు నాది బాబూ. పిల్లల్నేటీ అనకండి" అంది జోగమ్మ.

ఆనందకుమారి పిల్లల వరస ఈ చివర నుంచి ఆ చివరకు చూపించింది. "అందరూ ఉన్నారండీ. లోపలివాళ్ళు దిగే దాకా ఎక్కలేదు. పచ్చజెండా చూశాక కదల్లేదు. వీళ్ళకి పాఠం వచ్చేసింది. తప్పిపోయింది పెద్దవాళ్ళు. వాళ్ళ గురించి మీరు షరతు పెట్టలేదు కదండీ?"

మాస్టారు వరసలో తలలు ఒకటొకటిగా లెక్కపెట్టుకున్నాడు. దాలమ్మ డబ్బా ముందుకు చాపింది. ఆయన ఒక జంతిక విరిచి నోట్లో వేసుకుని, "తర్వాతి బండికి తీసుకెళ్ళండి" అన్నాడు. పిల్లలు వేసిన కేకకు కూలీలు తిరిగి చూశారు.

ఆ బండికి పిల్లలు నిలబడే వెళ్ళారు. జోగమ్మ ఒట్టి చేతులతో ప్లాట్‌ఫారం మీది గీతకు ఇవతల నిలబడి, "జానకీ! వంతెన కాడ కిందకి సూడే! నీల్లు మెరుత్తాయి!" అని అరిచింది. తిరుగు బండి వచ్చేదాకా అక్కడి నుంచి కదల్లేదు. అందులోంచి జానకి దిగి, రెండు చేతులూ చాపి, విమానంలా వచ్చి ఆమె చేతుల్లో వాలింది. ఇంటికెళ్ళాక జోగమ్మ పెన్సిలు అడిగి తీసుకుని, రైలు పాఠం చివర, ఆవుకు ముందు, వంకర అక్షరాలతో ఒక వాక్యం రాసింది: "రైలు తిరిగి వచ్చింది."

సోనారి వెళ్ళే ముందు రోజు మాత్రం ఆనందకుమారి స్వయంగా లైనిళ్ళకు వచ్చి, విమానంలో ఎవరూ తువ్వాళ్ళు వెయ్యకూడదని భీమారావు దగ్గర ఒట్టు వేయించుకుని వెళ్ళింది.