గీత మానకుండా తీసుకోవలసిన జాగ్రత్తలు

తాళ్లకుంట మండల ప్రత్యేకాధికారి గారి కారుకు తనంతట తాను మానే రంగు వేయించిన తర్వాత, ఆ కారు గుద్దినవన్నీ రంగు మీది గీతతో పాటే మానిపోవడం మొదలుపెట్టాయి. గీత పూర్తిగా పూడితే గుద్దించుకున్నది లోకంలో ఉండేది కాదు. మొదట ఒక కిలోమీటరు రాయి పోయింది. తర్వాత రెండు మేకలు, ఒక పంక్చర్ల షాపు, అందులో ట్యూబుకు గాలి కొడుతున్న మనిషి పోయారు. మండలంలో ప్రమాదాలు సున్నాకు దిగాయని జిల్లా సమావేశంలో చప్పట్లు కొట్టారు.

రంగును ఎలా చూసుకోవాలో ఆఫీసు గోడకు అంటించారు. వేసిన ఏడు రోజుల దాకా కడగరాదు. గరుకు గుడ్డ తగలనీయరాదు. పిట్ట రెట్ట వేస్తే ఎండకముందే తడిపి తీయాలి. గీత పడితే బండిని ఎండలో నిలపాలి, మబ్బుంటే గోరువెచ్చని నీళ్లు పోయాలి. పై పొర దాటి దిగిన గాటు మాత్రం మానదు. వీటిని అమలు చేయడానికి సీనియర్ అసిస్టెంటు పురుషోత్తం గీతల రిజిస్టరు తెరిచాడు. ఆ రోజు నుంచి ఆ ఆఫీసులో గీత అనే మాటకు ఒకటే అర్థం మిగిలింది.

శ్రావణ మాసం ముసురులో కారు మల్సూరును గుద్దింది. అతను తాళ్లెక్కి కల్లు గీసేవాడు. అతని తొడ చీరుకుపోయింది, కారు ఎడమ తలుపు మీద గీత పడింది. ఎండ లేదు గనుక, గోరువెచ్చని నీళ్లు పోసినా గీత మెల్లగా పూడుతోంది, మల్సూరు కూడా మెల్లగానే పోతున్నాడు. మూడో రోజుకు నీడ పోయింది. నాలుగో రోజు పాదాల వైపు చూస్తే మంచం నులక కనిపించింది. అతని భార్య ఉప్పలమ్మ ఆఫీసుకు వెళ్లింది.

"సారూ, మీ బండి గుద్దినకాడికెల్లి మా ఆయన కనబడకుంట పోతుండు."

"నొప్పి ఎట్లుంది?" అన్నాడు పురుషోత్తం.

"తగ్గుతున్నదంటుండు."

"తగ్గుతుంటే ఏడుస్తవేందమ్మా?"

"మనిషే తగ్గుతుండు సారూ!"

మనిషి ఉన్నాడనడానికి కాగితం కావాలన్నాడు పురుషోత్తం. భర్త పేరున్న కాగితం ఆమె దగ్గర ఒక్కటే ఉంది, కల్లు గీసుకోవడానికి ఇచ్చినది. దాని మీద ఇలా ఉంది: గీతకు అనుమతి. వంశపారంపర్యం. రోజుకు మూడు పూటలు. పురుషోత్తం రెండుసార్లు చదివాడు. గీతల రిజిస్టరు తిప్పి, అధికారి గారి కారు ఎడమ తలుపు అన్న పద్దు ఎదురుగా ఆ మూడు ముక్కలూ ఎక్కించి, నకలు మీద ముద్ర గుద్ది ఇచ్చాడు.

ఉప్పలమ్మకు చదువు రాదు. బయట అటెండరు యాదమ్మ చదివిపెట్టింది.

"అక్కా, పూటకింత సారు బండిని గీసుకోమని రాసిచ్చిండ్రు నీకు."

"నిజంగనా?"

"ముద్రేసిండ్రు. ఇగ నువ్వు గీయకుంటేనే తప్పు."

ఉప్పలమ్మ ఇంటికి వెళ్లి గీత కత్తి తెచ్చింది. ఇరవై ఏళ్లుగా దాన్ని నూరింది ఆమే. తాటి గెల తెగిన చోట మానితే కల్లు ఆగిపోతుందని, అందుకే పూటపూటకు పొరంత పల్చగా తీసి పచ్చిగా ఉంచాలని కల్లు గీసే ఇళ్లలో అందరికీ తెలుసు. ఎడమ తలుపు మీది గీతను అలాగే తీసింది. ఇంటికి వచ్చేసరికి మల్సూరుకు పాదాలున్నాయి. నొప్పికి అరుస్తున్నాడు.

సాయంత్రం గీతకు అధికారి గారే ఎదురొచ్చారు. "ఏయ్, ఏం చేస్తున్నవ్?"

"గీత, సారూ." కాగితం చూపించింది.

అధికారి పురుషోత్తాన్ని పిలిచి అనుమతి రద్దు చేయమన్నారు. రద్దుకు విచారణ జరగాలని, విచారణలో మొదటి గీత ఎలా పడిందో రాయాలని, రాస్తే ప్రమాదాల సున్నా చెరిగిపోతుందని పురుషోత్తం మనవి చేశాడు. అనుమతి నిలిచింది. గీతకే తప్ప గాటుకు అనుమతి లేదని, గాటు పెడితే ప్రభుత్వ ఆస్తి నష్టం కేసు పెడతామని మాత్రం ఉప్పలమ్మను హెచ్చరించారు.

అధికారి గొంతు తగ్గించి మంచిగా చెప్పారు. "మాననియ్యమ్మా. ఆయనకు కూడా హాయిగ ఉంటది."

"ఆ హాయేదో మీరుంచుకోండ్రి సారూ. మా ఆయన నొప్పితోనే ఉంటడు. ఉంటడు గద!"

ఇంట్లో మల్సూరు పోరు పెట్టాడు. "ఇంకెన్ని పొద్దులే? సలుపుతున్నది."

"సలపనియ్యి. మొత్తుకో. నీ గొంతు ఇనబడుతున్నది నాకు."

సంగతి తెలిసి, అదే కారు తమవాళ్లను కూడా గుద్దిన చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు కొడవళ్లు, కత్తిపీటలు, క్షవరం కత్తులు పట్టుకుని వచ్చారు. ఒకరికి ఇచ్చి ఇంకొకరికి ఇవ్వకపోవడం కుదరదు గనుక ఆఫీసు టోకెన్లు పెట్టింది. బానెట్టును ఊళ్లవారీగా పంచారు. ఆదివారం కూడా గేటు తీస్తున్నారు, ఎందుకంటే కాగితంలో రోజుకు అని ఉంది. తమ తరఫున గీసేవాళ్లు లేనివాళ్ల సంగతేమిటని ఎవరో అడిగితే, అటువంటి వారు మండలంలో ఎవరూ లేరని ఆఫీసు లిఖితపూర్వకంగా జవాబిచ్చింది. అది అబద్ధం కాదు.

ఇప్పుడు ఆ మండలంలో మనుషులు ఎదురుపడితే బాగున్నవా అని అడగడం మానేశారు. "మానలేదు గద?" అని అడుగుతున్నారు. మానలేదని అవతలివాళ్లు దెబ్బ చూపించాకే కదులుతున్నారు.