కానిస్టేబుల్ తైలక్ సంతాప విందు

మా ఊరు తాష్-కెచూ ముద్దుబిడ్డ కానిస్టేబుల్ తైలక్ వచ్చే శుక్రవారం సాయంత్రం ఏడు, ఎనిమిది గంటల మధ్య వీరమరణం పొందుతారనీ, శనివారం పది గంటలకు మైదానంలో అధికార లాంఛనాలతో సంతాప విందు జరుగుతుందనీ మా జిల్లా పెద్ద, అకిమ్ సూయున్‌బెక్ గారు ప్రకటించారు. ఆ కాగితం నా కొట్టు తలుపుకే అంటించారు. మనిషి పోకముందే సంతాపానికి పందిళ్ళు వేయించే ముందుచూపు ఎంతమంది అధికారులకు ఉంటుంది చెప్పండి.

తైలక్ టీవీలో మనిషి. ‘ఇనుప బీరువా’ అనే నేరాల సీరియల్‌ని మా కిర్గిజ్ దేశమంతా ముక్కు మీద వేలేసుకుని చూసింది. అది అయిపోయాక, అందులోని ముసలి ఇన్‌స్పెక్టర్ అల్మాజ్ కుర్రవాడిగా ఉన్నప్పటి కథంటూ ‘ఇనుప బీరువా: తొలి రోజులు’ మొదలెట్టారు. అందులో తైలక్ అతని ప్రాణస్నేహితుడు. మూడో ఎపిసోడ్‌లో పుచ్చకాయ కోస్తూ ‘మాది తాష్-కెచూ’ అన్నాడు. ఆ ఒక్క ముక్కతో ఊరంతా వాడికి చుట్టమైపోయింది. ఇక మిగిలింది ఒకే ఒక్క ఎపిసోడ్.

నా పేరు కల్బుబు. మా ఆడగుర్రం బోజ్ పాలు పులియబెట్టి కుమిస్ అమ్ముకుంటాను. శుక్రవారాలు జనం టీవీ చూసేది నా కొట్లోనే.

“పాత సీరియల్‌లో తైలక్ లేడు. కనీసం వాడి పేరైనా ఎవరూ ఎత్తరు,” అన్నారు నుర్‌దిన్ మాస్టారు. ఆయన రిటైరైన లెక్కల టీచరు, నా పక్కింటాయన. “లేడంటే పోయినట్టే. లెక్క తేలిపోయింది.”

“అల్మాజ్ చేతి గడియారం ఎవరిదనుకున్నారు మాస్టారూ? వీడిదే. చచ్చేముందు ఇస్తాడు చూడండి,” అన్నాడు వ్యాను నడిపే మెదెర్, కళ్ళు తుడుచుకుంటూ.

వాళ్ళ ఏడుపుతో నాకేం ఇబ్బంది లేదు. కాని మా ఆచారం ప్రకారం ఘనుడి సంతాప విందుకు గుర్రాన్ని కొయ్యాలి. గొర్రెతో సరిపెడితే పోయినవాడికి అవమానం. ఊళ్ళో గుర్రాలన్నీ చూసి చూసి అకిమ్ గారి చూపు మా బోజ్ మీద ఆగింది. ఆయన స్వయంగా కొట్టుకు వచ్చారు.

“అక్కా, నీ గుర్రం చరిత్రలోకి వెళ్తోంది.”

“చరిత్రలోకా, కుండలోకా?”

“దారి ఒకటేనక్కా. గవర్నర్ గారు వస్తున్నారు.”

“పాలిచ్చేదాన్ని కోస్తారా బాబూ?”

“పాలివ్వనిదాన్ని ఇస్తే అది త్యాగం ఎలా అవుతుందక్కా?”

ఇంత లోతైన మాట చెప్పి ఆయన వెళ్ళిపోయారు. బోజ్ పోతే నేను అమ్మడానికి మిగిలేది ఖాళీ బెంచీలే. అందుకని ఆ సాయంత్రమే తైలక్ ప్రాణాల కోసం వాదనకు దిగాను.

“మాస్టారూ, మా ఆయన పదకొండేళ్ళ కిందట రష్యాకు పనికెళ్ళాడు. అప్పట్నుంచి నా ఏ ఎపిసోడ్‌లోనూ కనిపించలేదు. ఇంట్లో పేరు కూడా ఎత్తం. పోయాడంటారా?”

మాస్టారు కళ్ళజోడు తీసి తుడిచారు. “ఇది నా లెక్కలోకి రాలేదమ్మా.”

ఊరు రెండుగా చీలింది. రష్యాలో మనిషి ఉన్న ప్రతి ఇల్లూ నా పక్షం, అంటే ఇంచుమించు ఊరంతా. గొడవ పెద్దల కోర్టుకెక్కింది. పొలం గట్ల తగాదాలు తీర్చే ముగ్గురు తెల్లగడ్డాల పెద్దలు పాత సీరియల్ మొత్తం మళ్ళీ చూసి తీర్పు చెప్పారు: శవం కనిపించేదాకా మనిషి బతికున్నట్టే; అయితే గవర్నర్ గారు బతికున్నారనడంలో సందేహం లేదు కాబట్టి విందు ఏర్పాట్లు ఆపనక్కర్లేదు. కోర్టు నిష్పాక్షికతను అకిమ్ గారు వేనోళ్ళ కొనియాడారు.

శుక్రవారం కొట్టు కిక్కిరిసింది. ఒక్క ఎపిసోడ్ కూడా చూడని అకిమ్ గారు ముందు బెంచీలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నారు. దొంగ తుపాకీ పేల్చాడు. గుండు బీరువాకు తగిలింది. తైలక్ లేచాడు, దుమ్ము దులుపుకున్నాడు, గడియారం విప్పి అల్మాజ్ చేతికి కట్టాడు. “ఈ జీతంతో ఇల్లు గడవదురా. రష్యాలో పని దొరికింది,” అని బస్సెక్కేశాడు.

కొట్టంతా గోల. నేను ఏడ్చేశాను. దొడ్లోకి వెళ్ళి బోజ్ మెడ పట్టుకుని మళ్ళీ ఏడ్చాను. తిరిగి వచ్చేసరికి అకిమ్ గారు తన సహాయకుడు ఉలాన్‌ని అడుగుతున్నారు.

“పోయాడా?”

“లేదండి. రష్యా పోయాడు.”

అకిమ్ గారు ఫోన్ జేబులో పెట్టుకున్నారు. “శుభం. బ్యానర్ మీద సంతాపం కొట్టేసి సంబరం అని రాయించు. చచ్చినవాడికి గుర్రాన్ని ఇచ్చి, బతికినవాడికి గొర్రెను ఇస్తే ఈ జిల్లాలో బతకాలని ఎవరికుంటుంది? అక్కా, పొద్దున్నే మనిషిని పంపుతాను.”

పొద్దున్న ఉలాన్ తాడుతో వచ్చాడు. దొడ్డి ఖాళీ.

“గుర్రం ఏదక్కా?”

“రష్యా వెళ్ళింది. పనికి.”

ఉలాన్ జేబులోంచి పుస్తకం తీసి రాసుకున్నాడు. ఆ జవాబు చెప్పాక మా జిల్లాలో ఎవరూ రెట్టించి అడగరు. ఉలాన్ అన్న కూడా రష్యాలోనే ఉన్నాడు.

“గవర్నర్ గారు రావట్లేదులే. ఆయనకు గుర్రం మాంసం పడదట,” అన్నాడు ఉలాన్. “అయినా ఆర్డరు ఆర్డరే కదా, వచ్చాను. ఎప్పుడొస్తానంది?”

“చెప్పలేదు.”

“ఫోన్ చేస్తానందా?”

అంతలో గోడ అవతల, మాస్టారి పెరట్లోంచి, పెద్ద సకిలింపు.

“ఇదుగో, చేసింది,” అన్నాను. “మా ఆయన కంటే నయం.”

ఉలాన్ ఆ గోడవైపు చూశాడు. తాడు చుట్ట చుట్టి భుజానికి తగిలించుకున్నాడు.

“అక్కడ మా అన్న కనిపిస్తే,” అన్నాడు, “అమ్మ అడిగిందని చెప్పమనక్కా.”